అన్నపూర్ణ లాంచీ ఆకుపచ్చ

"తాతయ్యా, ఈ రంగు డబ్బాలన్నీ తలకిందులుగా పెట్టావేంటి?" అంటున్నావా? ముందు చెయ్యి తియ్యవే అమ్మడూ, మూత వదులుగా ఉందేమో, గౌను మీద పడిందంటే మీ అమ్మ నన్ను చంపుతుంది. ఆ, అలా కూర్చో. చెప్తా.

తలకిందులుగా పెడితే రంగే మూత సందుల్ని కప్పేస్తుంది, గాలి దూరదు. మీగడ కట్టినా డబ్బా అడుగు వైపు కడుతుంది కాబట్టి, తిప్పి మూత తీస్తే పైన రంగు మెత్తగా ఉంటుంది. మూత పెట్టేముందు అంచు గుడ్డతో తుడవాలి, లేకపోతే అక్కడే తుప్పు మొదలవుతుంది. ఇదంతా నాకు కొత్తగా తెలిసిందేం కాదులే. తెలుసు, చెయ్యలేదు. బద్ధకం. కిందటేడు చలికాలంలో చెవి మెలేసి నేర్పించింది ఆ డబ్బా.

ఏ డబ్బా అంటే... ఉండు, మొదట్నించీ చెప్పాలి. ధవళేశ్వరంలో నేను నీటిపారుదల ఆఫీసులో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్‌మన్‌గా ఉన్నప్పుడు ఏటి కొలతలకి లాంచీ మీద వెళ్ళేవాళ్ళం. అన్నపూర్ణ అని, పట్టిసీమ దాకా తిరిగేది. టిక్కెట్టు రెండు రూపాయలు... కాదు, రూపాయిన్నర, తిరునాళ్ళకి రెండు తీసుకునేవాళ్ళు. దాన్ని నడిపే సరంగు నూకరాజు. అదే, మొన్న పులసల కబుర్లు చెప్పి మీ అమ్మమ్మని నవ్వించాడే, నల్ల కళ్ళజోడాయన. చేపలు పట్టుకునేవాళ్ళింట పుట్టాడు, ఏరంటే వాడికి ఇంటి వాకిలి. ఎక్కడ ఇసక మేట వేసిందో నీళ్ళ రంగు చూసి చెప్పేసేవాడు. మా ఇంజనీర్లు గెడ వేసి కొలిచి, అవునురా బాబూ అనేవారు.

ఆ లాంచీ ముసలిదైపోయి, దాన్ని విరగ్గొట్టేస్తున్నారని తెలిసినప్పుడు, నేను టేకుచెక్కతో దాని నమూనా ఒకటి చేశాను. మూరెడుంటుంది. కొలతలన్నీ కరెక్టు, కిటికీలతో సహా. ఇహ రంగు, లాంచీది అదో రకం ఆకుపచ్చ. మా పెద్దమ్మ కొడుకు ఓడలో పనిచేసేవాడు, సింగపూర్ నించి బొమ్మలకేసే ఎనామిల్ రంగులు తెచ్చిపెట్టాడు, కుంకుమ భరిణంత డబ్బాలు, పన్నెండు. అవి పట్టుకుని ఒడ్డుకెళ్ళాం నేనూ నూకరాజూ. లాంచీ పక్కకి అట్టముక్క ఆనించి, నేను కలపడం, వాడు చూడడం. "ఇంకో చుక్క నలుపండి. ఆయ్, ఎక్కువైపోయిందండి. పసుపెయ్యండి." పొద్దున్న మొదలెడితే మధ్యాన్నం భోజనాల వేళకి కుదిరింది. అట్టముక్క లాంచీకి ఆనిస్తే ఎక్కడ అట్టో ఎక్కడ లాంచీయో తెలీలేదంటే నమ్ము. ఎన్ని చుక్కలు ఏది వేశామో రాసుకోలేదు. డ్రాఫ్ట్‌మన్ని! ఏం లాభం? ఫొటో ఉంది గానీ నలుపూ తెలుపూ. ఆ వారంలోనే లాంచీ ముక్కలైపోయింది.

మరి వేశావా అంటావేమో. వెయ్యలేదే. మంచి కుంచె దొరకాలి, వానలు తగ్గాలి, రిటైరయ్యాక తీరిగ్గా వేద్దాం... అలా ఆ కలిపిన రంగుని ఓ డబ్బాలో దాచాను. నా సంగతి నీకు తెలుసుగా, కొత్త తువ్వాలు కూడా బీరువాలో పెట్టుకుంటాను. నూకరాజు వచ్చినప్పుడల్లా ఉత్త చెక్క లాంచీ కేసి చూసి, "ఎప్పుడేస్తారండీ?" అనేవాడు. "వేస్తాన్లే, తొందరేంటి?" అనేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు అన్నాను ఆ మాట.

కిందటేడు ఓ సోమవారం వచ్చాడు. గుమ్మం తగిలి పడబోయాడు. నీటికాసుల జబ్బట, గ్లకోమా అంటారే, ఒక కన్ను ఎప్పుడో పోయింది, మాకు చెప్పలేదు. రెండోదాన్లో గొట్టంలోంచి చూసినట్టు కొంచెం కనపడుతోందట. శుక్రవారం ఆపరేషన్. చూపు నిలబడితే నిలబడుతుంది, లేకపోతే అదీ పోతుందని డాక్టరు ముందే చెప్పేశాట్ట. మంచినీళ్ళు తాగి, "ఆ లాంచీ రంగు ఒక్కసారి చూసి వెళ్దామనండి" అన్నాడు. "గురువారం పొద్దున్నే రా" అనేశాను.

వాడు వెళ్ళగానే డబ్బా తీశాను. నిలబెట్టే ఉంచాను కదా, మూత తుప్పుపట్టి ఊడదు. స్క్రూడ్రైవరు పెట్టి లేపితే... లోపల జున్నుముక్కే. పుల్ల దిగలేదు. బ్లేడుతో పై తోలు తీసి, ముద్దని రెండు ముక్కలు చేసి, ఒకటి గిన్నెలో వేసి, గూట్లో ఉన్న థిన్నర్ పోశాను. అది కార్లకేసే రంగు థిన్నరే! ఎనామిల్‌కి టర్పెంటాయిల్ పొయ్యాలి. తెలుసు నాకు. కంగారు. చూస్తూండగా విరిగిన పాలలా ముక్కలు ముక్కలైపోయింది. సగం పోయింది. రెండో సగం ఎందుకు మిగిలిందో తెలుసా? నా పిసినారితనం వల్ల! అంతా ఒకేసారి వాడబుద్ధి కాలేదు.

మీ అమ్మమ్మ చూసి, "ఏదో ఒక ఆకుపచ్చ వేసెయ్యండి, ఆయనకేం తెలుస్తుంది పాపం, సంతోషపడతాడు" అంది. మంచి మనసుతోనే అందిలే. నేను కూడా... దాచడమెందుకు, మంగళవారం రాజమండ్రి బస్సెక్కి వెళ్ళి ఓ డబ్బా కొనుక్కొచ్చాను. ఇంకో అట్టముక్క మీద వేశాను. చిలకపచ్చ. దాన్ని చూస్తూ కూర్చుంటే ఒళ్ళు మండింది, నా మీద నాకే. ఏటి నీళ్ళ రంగు చూసి లోతు చెప్పినవాడికి, కళ్ళు పోతున్నాయి కదాని, దొంగరంగు చూపిస్తానా? ఛీ! తీసి అవతల పడేశాను.

మిగిలిన సగం ముద్దని సన్నగా తరిగి చిన్న సీసాలో వేసి, టర్పెంటాయిల్ ఇంకు ఫిల్లరుతో చుక్క చుక్క వేశాను. తొందరపడి పోస్తే పలచబడి పోతుంది, వెనక్కి రాదు. సీసా గోరువెచ్చటి నీళ్ళల్లో పెట్టడం, చీపురుపుల్లతో మెల్లిగా కలపడం, మూత పెట్టడం. పొయ్యి దగ్గర మటుకు పెట్టకూడదు సుమా, భగ్గుమంటుంది. వెన్నీళ్ళు తెచ్చి పెరట్లో కూర్చున్నాను. మంగళవారం రాత్రి దాకా అలానే ఉంది, రాయి. బుధవారం పొద్దున్న కలుపుతుంటే పుల్లకి జారుడు తగిలింది. మీ అమ్మమ్మని కేకేశాను, "ఒసే, కరిగిందే!" అని. తన పాత నైలాను చీర ముక్క చింపి ఇచ్చింది వడకట్టుకోమని. తిట్టుకుంటూనే ఇచ్చిందనుకో.

వడకడితే ఎంతొచ్చింది? చెంచాడు! ఎడం పక్క మొదలెట్టాను. ఆ పక్క పూర్తయ్యేసరికి సీసా గోడలు గీక్కున్నాను. రెండో పక్కకి చుక్క లేదు. ఆరుతుందో లేదో, దుమ్ము పడుతుందేమో, పిల్లి వస్తుందేమో... దాని పక్కనే కాపలా కూర్చున్నాను.

గురువారం ఆటోలో దిగాడు. ఎండలో స్టూలు వేసి దాని మీద పెట్టాను, రంగు లేని పక్క గోడవైపుకి తిప్పి. దగ్గరకొచ్చి వంగాడు. ఒక్కసారిగా అంతా కనపడదు కదా, లాంచీ ముక్కు నించి చుక్కాని దాకా తలకాయ మెల్లిగా జరుపుకుంటూ పోతున్నాడు. మళ్ళీ వెనక్కి. "కాదా?" అన్నాను.

"అదేనండి," అన్నాడు. "పొద్దుటి ఎండలో పట్టిసీమ రేవులో ఇలాగే ఉండేదండి." కళ్ళంట నీళ్ళు. తుడుచుకోలేదు, చూపు తిప్పాల్సొస్తుందని కాబోలు. తరవాత చేత్తో అవతలి పక్క తడిమాడు. ఉత్త చెక్క. నాకు తలకాయ కొట్టేసినట్టయింది. "రంగు చాల్లేదు నూకరాజూ, సగం నేనే పాడుచేశాను" అన్నాను.

"పోన్లెండి మూర్తిగారూ," అన్నాడు. "ఒడ్డు మీద నిలబడ్డోడికి ఎప్పుడైనా ఒక పక్కే కదండీ కనపడేది."

ఆపరేషను... చూపు నిలబడలేదే తల్లీ. చాలా చేశారు పాపం డాక్టర్లు. వాడు మామూలుగానే వస్తాడు, నవ్వుతాడు, టీ తాగుతాడు. వాడు ఆఖరున కళ్ళారా చూసుకుంది ఆ రంగేనని వాడి భార్య చెప్పింది. ఆస్పత్రిలో కూడా అదే చెప్పుకున్నాట్ట. మంచిదేగా అంటారందరూ. నాకు మటుకు ముప్ఫై ఏళ్ళు గుర్తొస్తాయి. రెండు పక్కలా చూసేవాడు కదే! ఏ పండక్కొచ్చినా చూసేవాడు, రెండు కళ్ళతో.

సర్లే, నా గోల ఎప్పుడూ ఉండేదే. నువ్వెందుకు ఏడుస్తావు పిచ్చిదానా? ఆ విమానం బొమ్మ తెచ్చుకున్నావుగా, పట్రా. నీలం కావాలా? తీసుకో, అది మంచిది, మెత్తగానే ఉంది. అయిపోతే అయిపోనీ. నీ కళ్ళు చల్లగా ఉండాలి, నూరేళ్ళూ చూడాలి నువ్వు... ముందు ఆ పేపరు పరుచు, మీ అమ్మ వచ్చేస్తుంది.