కట్టుబడిన పులిని విప్పిన సబ్బు

మద్దిలేటి ఉండాడే, జీవాలు మేపే మద్దిలేటి, ఆయప్పకు ఫోన్లో ఆటలంటే పిచ్చి. అట్లాంటి ఇట్లాంటి పిచ్చి కాదు. జీవాల్ని బీట్లో ఇడిచిపెట్టి, నెత్తిన కంబడి కప్పుకొని ఆడతానే ఉంటాడు. ఆడేది ఒక ఎత్తయితే, ఆడినాంక దాన్ని తిట్టేది ఇంగో ఎత్తు. సాయంత్రం జీవాల్ని దొడ్డికి తోలి, ఓబులేసు కటింగు షాపు ముందర బండమీద వచ్చి కూర్చున్నాడంటే, ఓబులేసు కత్తెర ఆపేసి మరీ ఇంటాడంట. "మొన్న సేద్యం ఆటొకటి ఆడినా" అంటాడు మద్దిలేటి. "ఇత్తనమేస్తే మొలుస్తాది, మొలిస్తే పండుతాది. పురుగు పట్టదు, వాన ఎగ్గొట్టదు. దాన్ని చేసినోడు చేనును బస్సు కిటికీలోనుంచి చూసింటాడు." తుపాకులాట ఎట్లుందంటే, "సచ్చినోడు చొక్కా దులుపుకొని మళ్లా వచ్చి నన్నే కాలుస్తాడు, ఇంగ నేను కాల్చి ఏం లాభం" అంటాడు. బిళ్ళలు కలిపే ఆటొకటి వచ్చింది కదా, దాని మీద అయితే మండిపడినాడు. "నేను గెలిస్తే దానికెందుకంత సంబరం, అదేమన్నా నాకు మేనమామా" అని. ఊర్లో ఎవరైనా కొత్త ఆట ఫోన్లోకి ఎక్కించుకోవల్లంటే ముందు ఆయప్పనడగల్ల. బాగుందని ఆయప్ప నోట ఒక్కసారన్నా నేనైతే ఇనలేదనుకో.

ఇంత కోపమెందుకు ఆ మనిషికి అంటారా? ఆయప్ప కూర్చునే బండమీదనే ఉండాది జవాబు. దానిమీద పులిమేక గీతలు చెక్కిండారు. మూడు పులులు ఒకరివి, మేకలన్నీ ఇంకొకరివి. పులి మేకను దాటి దూకితే మేక సచ్చినట్టు. మేకలన్నీ చుట్టుకొని పులికి కదిలేదానికి సందు లేకుండా చేస్తే పులి కట్టుబడినట్టు. మద్దిలేటి వాళ్ళమ్మ సుంకమ్మ, ఇప్పుడు లేదులే, పోయింది, ఆయమ్మ ఎప్పుడూ మేకలే ఆడేది. మూలన ఒక మేకను మర్చిపోయినట్టు ఇడిచిపెట్టి, "తిను నాయనా, కడుపు నిండా తిను" అనేదంట. పులి ఎగిరి దాన్ని తినేది. తిని ఎనక్కి తిరిగి చూస్తే దావ ఉండేది కాదు. మా ఊరి పద్ధతి ఏమంటే, కట్టుబడినోడు "కట్టుబడినా" అని పదిమందిలో నోరు తెరిచి చెప్పల్ల. చెప్పి, గెలిచినోళ్ళు ఏ పని చెప్తే అది చేయల్ల. సుంకమ్మ జీవాలకు నీళ్ళు పొయ్యమనేది. ఎంత పెద్దమనిషైనా ఆయమ్మ తొట్టికి నీళ్ళు తోడినోడే. కట్టుబడిన పులిని విప్పమని అడిగినోడు మాత్రం ఒక్కడూ లేడు.

ఏమైందంటే, మద్దిలేటి అక్క కొడుకు వీరాంజి బెంగుళూరులో ఫోన్ ఆటలు చేసే కంపెనీలో ఉండాడు. పోయినేడు వచ్చి, "మామా, మన పులిమేకను ఫోన్లోకి తెస్తాండా, అవ్వ ఎత్తులన్నీ చెప్పు" అన్నాడంట. మద్దిలేటి మురిసిపోయినాడు. గులకరాళ్ళు పెట్టి ఒక్కో ఎత్తూ చూపించినాడు. మూల మేక ఎత్తయితే రెండుసార్లు చూపించినాడంట. సరే, ఆట వచ్చింది. మద్దిలేటి పులులు తీసుకున్నాడు, మేకలు ఫోనువి. ఆడతాండాడు, ఆడతాండాడు, మూలన ఒక మేక ఒంటిగా నిలబడిందంట. కనిపెట్టినాడు. కనిపెట్టి కూడా దూకినాడు, కావాలనే దూకినాడు. ఎనక దావ మూసకపోయింది. ఆయప్ప కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. "అమ్మా, కట్టుబడినా" అన్నాడంట ఆ బీట్లో, ఇనేదానికి జీవాలు తప్ప ఎవరూ లేరు. అప్పుడు ఫోను ఏమందో తెలుసునా? ఒక అడ్వర్టైజు చూడండి, మీ పులిని విడిపించుకోండి అని పచ్చరంగు బటను. నమ్మలేక నొక్కినాడు. ఎవురో ఆడమనిషి సబ్బు రుద్దుకొని నవ్వింది. ఆ నవ్వు అయిపోతానే ఒక మేక దానంతటదే మాయమైపోయి, పులి బయటికొచ్చింది. మద్దిలేటికి కోపం నషాళానికంటింది. ఆ సాయంత్రం షాపుకాడ తిట్టిన తిట్లు నేను చెప్పలేను, ఆడోళ్ళుండారిక్కడ. "మా యమ్మ కట్టిన పులిని సబ్బు ఇప్పుతాదా" అని, తిట్టినంతసేపూ నడమన నడమన ఇదొక్క మాట.

ఊరుకుంటాడా ఆ మనిషి? వీరాంజి చెల్లెలి కొడుక్కు పుట్టెంటికలు తీసేదుండింది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోవల్ల కదా, వాడు రాక తప్పలేదు. ఓబులేసు కత్తి నూరతాండాడు, చుట్టాలంతా షాపు ముందరే ఉండారు. "ఆట ఎట్లుంది మామా" అని నవ్వుకుంటా వచ్చినాడు, పాపం, మెచ్చుకుంటాడని. "కూర్చో, చెప్తా" అని పులుల్ని వాని చేతిలో పెట్టినాడు మద్దిలేటి. తాను ఫోన్లోకి ఎక్కించిన ఎత్తే వానికి గుర్తు లేదు చూడు, మూల మేక కనపడతానే దూకినాడు. "తిను నాయనా" అన్నాడు మద్దిలేటి పండ్లు నూరుకుంటా. కాసేపటికి మూడు పులులూ కట్టుబడినాయి. వాడు నవ్వబోయినాడు. "నవ్వొద్దు. ఓబులేసూ, నీ బోర్డు చదువు" అన్నాడు. ఓబులేసు "కటింగు, గడ్డం, తలకు నూనె మాలిష్" అని గట్టిగ చదివినాడంట. "అడ్వర్టైజు ఇన్నావు కదరా, ఇప్పుడు నేను మేకను తీసేయల్ల, నీ పులి బయటికి రావల్ల. ఇదేనా నువ్వు చేసింది? ఒక్క పులిని కట్టేదానికి మీ అవ్వ ఎంతసేపు గమ్మున కూర్చొనేదో తెలుసునా నీకు? అది తీసుకపోయి సబ్బోనికి అమ్ముకొంటివి." వీరాంజి మొగం మాడిపోయింది. ఆ బటను పైనోళ్ళదంట, వాడు తీస్తే వాణ్ణే తీసేస్తారంట, "మేకల ఆట ఒకటే నేను చేసింది మామా" అన్నాడు. "అట్లనా. కట్టుబడినావా లేదా?" "కట్టుబడినా మామా." "అయితే నా పని ఇను. జీవాలకు నీళ్ళొద్దు. మా యమ్మ మేకల్ని దాన్లోనుంచి తోలుకొచ్చెయ్."

వీరాంజి పోయి చెప్పినట్టే అవ్వ ఎత్తులన్నీ ఆటలోనుంచి తీసేసినాడు. ఇప్పుడా ఫోన్లో మేకలు ఎట్లుండాయంటే, పులి నోరు తెరిస్తే చాలు, ఎదురుపోయి దూరతాయి. పులి కట్టుబడేదే లేదు. కట్టుబడకపోతే ఆ బటను నొక్కేదెవరు? కంపెనీ పైనోళ్ళు తలకాయ పట్టుకున్నారంట. "ఇప్పుడెట్లుంది మద్దిలేటీ ఆట" అని అడిగితే, "పనికిమాలింది, కాకపోతే మా యమ్మ పేరు చెడగొట్టదు" అంటాడు, కోపం రవ్వంత కూడా తగ్గలేదు. నేనూ ఆడినాలెండి, ఆ ఫోన్లో పులిగా. పడుకొని ఆడినా గెలుస్తాండా. ఆ ధైర్యంతోనే బండకాడికి పోయి మద్దిలేటి ముందర కూర్చున్నా. ఇదో, ఈ చేతులు చూడండి, బొక్కెన తాడు ఎట్ల కోసుకపోయిందో. మూలన మేక ఒంటిగా ఉండింది, దూకినా మరి.