ముసలమ్మ ఎప్పుడు లేవాలి

హలో… ఆ, నేనే వదినా. …బతికే ఉన్నా. …లేదు, ఇంకా పిలవలేదు. నువ్వు బస్సు నడుపుతూ ఫోన్ ఎత్తలేదు కదా? …డిపోలోనా? మళ్ళీ బయల్దేరడానికి ఎంతుంది? …పావుగంట. నాకూ అంతే. పావుగంటలో నన్ను స్టేజి ఎక్కిస్తారు.

…ఎక్కడంటే, హాలు వెనక మెట్ల మీద. మంటలంటుకుంటే జనం దిగి పారిపోవడానికి కట్టినవి. నేను కాస్త ముందే వచ్చేశా. …నవ్వకు వదినా, నిజంగా భయమేస్తోంది. గేమ్ ప్యాడ్ పట్టుకుంటే వేలు ఒకసారి నొక్కాల్సింది రెండుసార్లు నొక్కేస్తోంది. …తాగా. నీళ్ళు తాగా అన్నానుగా!

…ఇవాళ్టి గేమింగ్ పోటీలో రెండు మ్యాచులు గెలిచా. ముసలమ్మతోనే. …సంతోషం తర్వాత. మూడోది ఎవరితో పడిందో విను ముందు. …పళ్ళ డాక్టరు.

…అవును, ఆయనే. పోయిన నెల నా చేతి దెబ్బ ఒక్కటి కూడా తినకుండా నన్ను ఇంటికి పంపినాయన. …పీకేది పళ్ళే, కానీ అదే చేత్తో ఆడతాడు కదా. తొందరపడడు. తన్నిన ప్రతిసారీ 'సారీ అండీ' అంటాడు. ఇందాక ప్యాడ్లు సరిచూసే క్యూలో నా వెనకే నిలబడి, 'బాగున్నారా? ముసలమ్మగారు కులాసానా?' అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే వదినా, 'కులాసా అండీ' అని నేనూ జవాబిచ్చేశా.

…ఓడిపోతానని కాదు. ఓడిపోవడం నాకు కొత్తా? ఆ నవ్వులు వదినా. నువ్వు రికార్డింగ్ చూశావు, నేను మధ్యలో కూర్చుని విన్నా. తెర మీద నా ముసలమ్మ కింద కూర్చోవడం, లేవబోవడం, డాక్టరు ఆడించే దున్న చేతిలో తన్ను తినడం. మళ్ళీ కూర్చోవడం, లేవబోవడం, తన్ను. నాలుగోసారికి వెనక వరసలోంచి ఎవడో 'అమ్మమ్మా, ఇక మంచమెక్కు' అని అరిచాడు. హాలు హాలంతా పడి పడి నవ్వింది. వాడు ఇవాళ కూడా వచ్చాడు. టోపీ గుర్తుపట్టా.

…ఇక్కడో కిటికీ ఉంది. కింద వీధి కనపడుతోంది. పధ్నాలుగు మెట్లు దిగితే తలుపు, తలుపు దాటితే బస్ స్టాపు. నీ బస్సు ఇటు వస్తే ఎక్కేసి నీ వెనక సీట్లో కూర్చునేదాన్ని. …నిజంగానే అంటున్నా. రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి వచ్చా.

…అది సగమే. మిగతా సగం చెప్తా, అన్నయ్యకి చెప్పనని ఒట్టెయ్యి. …ముందు ఒట్టెయ్యి. …నన్ను ఆడిస్తున్న క్లబ్బు మేనేజర్ ఇందాక పక్కకి పిలిచాడు. 'డాక్టరు మీద దున్నతోనే ఆడాలి. ముసలమ్మని ఎంచుకుంటే క్లబ్బులో నీకు చోటు లేదు' అన్నాడు. …మొహం మీదే. …ఆయన్ని తిట్టి లాభం లేదు వదినా. ఈ ఆటలో నలభై మంది ఫైటర్లుంటే మా ముసలమ్మ నలభయ్యోది. మేనేజర్ గదిలో గోడకి ఫోటోలు అంటించి ఉంటాయి, బలమున్నవాళ్ళు పైన, లేనివాళ్ళు కింద. దున్న ఫోటో తలెత్తి చూడాలి. ముసలమ్మని చూడాలంటే కుర్చీ జరపాలి.

…పోతే పోయిందంటావేంటి! …లేదు. షాపుకి తిరిగి వెళ్ళలేను. …ఎందుకంటే… మానేశా. …కళ్ళజోళ్ళ షాపే, ఇంకే షాపు. పోయిన సోమవారం. …తిడతారని చెప్పలేదు. క్లబ్బువాళ్ళు జీతమిస్తాం, రోజంతా సాధన చెయ్యాలన్నారు, సరేనని మానేశా. షాపాయన అద్దం అరగదీస్తూ తల కూడా ఎత్తలేదు. 'మంచిదమ్మా' అన్నాడు, అంతే. నాలుగేళ్ళు చేశా అక్కడ. …మరి పొద్దున్నే తయారై వెళ్ళేది క్లబ్బుకే. టిఫిన్ డబ్బా ఖాళీ చేసి తెస్తున్నా కదా, నీకెలా తెలుస్తుంది. …ఇప్పుడర్థమైందా ఎందుకు వణుకుతున్నానో? ఇవాళ ఇదీ పోతే రేపు పొద్దున్న తయారై ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలీదు.

…దున్నతో ఆడలేనని కాదు. రెండు వారాలుగా ఆడుతున్నా. గెలుస్తున్నా కూడా. కానీ… ఎలా చెప్పను, వేరేవాళ్ళ కళ్ళజోడు పెట్టుకున్నట్టుంటుంది. అన్నీ పెద్దగానే కనపడతాయి, అడుగు ఎక్కడ పడుతుందో మాత్రం తెలీదు. ముసలమ్మ అలా కాదు. ఎంత దూరం నడవగలదో, కర్ర ఎక్కడిదాకా అందుతుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. మెల్లగా కదులుతుంది కాబట్టి నేనే ముందుగా ఆలోచించి పెట్టుకోవాలి. నాకది ఇష్టం వదినా. గెలిచాక కూడా గంతులెయ్యదు, కళ్ళజోడు తుడుచుకుని తన దారిన తను వెళ్ళిపోతుంది. పదిహేడేళ్ళప్పుడు అందరూ దున్న కోసం కొట్టుకుంటుంటే ఈవిడ మూలన ఒక్కతే నిలబడి ఉంది. నాకు పాపమనిపించింది, తర్వాత ఇష్టమైంది. …ఆ, పిచ్చే. ఆరేళ్ళ పిచ్చి.

…నువ్వే చెప్పు, ఏం చెయ్యను? ఆరేళ్ళు నేను సాధన చేసింది నీ దున్న మీదే కదా. గిన్నెలు కడిగి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చునేదానివి. అన్నయ్య సోఫాలో గుర్రుపెడుతుంటే మనిద్దరం హోరాహోరీగా కొట్టుకునేవాళ్ళం. దున్న దెబ్బలన్నీ చూసేశాననుకున్నా. కానీ డాక్టరు వేసేది… తన్ను, కొంచెం ఆగడం, మళ్ళీ తన్ను… అది నేనెక్కడా చూడలేదు. ఎక్కణ్ణించి పట్టుకొచ్చాడో మహానుభావుడు.

…హలో? …వదినా? …లైన్లో ఉన్నావా? మాట్లాడవేంటి?

…ఏంటి? …నీళ్ళు నమలకు, టైం లేదు.

…నీకు తెలుసా ఆ తన్ను? …ఎప్పట్నుంచి?

…మొదటి వారం నుంచా!

…ఆగు. ఆగాగు. నువ్వు పెళ్ళయి మా ఇంటికొచ్చిన మొదటి వారం. …గుర్తుంది. మనిద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ లేక నీ చేతికి రెండో ప్యాడ్ ఇచ్చా. …ఏది నొక్కాలో తెలీక నువ్వు దున్నతో ఒకే బటన్ టకటకా నొక్కావు. అదేనా ఆ తన్ను? …ఐదుసార్లు వరసగా గెలిచావు. …ఆ. గదిలోకెళ్ళి తలుపేసుకున్నా. …అన్నం కూడా తినలేదు. అయితే? …అన్నయ్యేమన్నాడు? …'దాన్ని ఏడిపించకు'.

…అందుకని ఆరేళ్ళు ఆ తన్ను వెయ్యడం మానేశావా? …ఒక్కసారి కూడా? …కొత్తగా వచ్చావు, ఇంట్లో గొడవెందుకని. వదినా, నేను ఏడ్చింది ఒక్క రోజు! అప్పుడు నాకు పదిహేడు, ఇప్పుడు ఇరవై మూడు! మధ్యలో ఎప్పుడైనా దీనికి బుద్ధొచ్చిందేమో, ఒకసారి వేసి చూద్దామనిపించలేదా?

…అరవట్లేదు. …సరే, అరుస్తున్నా.

…అంటే నీ మీద నేను గెలిచినవన్నీ నువ్వు గెలిపించినవేనా? …నిజం చెప్పు. …ఆ ఒక్క తన్నే వదిలేశావు, మిగతాదంతా నిజంగానే ఆడావు. …ఒట్టు? …అన్నయ్య మీద కాదు, నీ బస్సు మీద వెయ్యి. …సరే. నమ్ముతా.

…నెల క్రితం రికార్డింగ్ చూసినప్పుడే తెలిసిపోయిందా నీకు? మరి నెల రోజులు నోట్లో ఏం పెట్టుకున్నావు? …భయమా? నీకు? నడిరోడ్డు మీద లారీ అడ్డమొస్తే దిగి మరీ దులిపేస్తావు, నాకు చెప్పడానికి భయమా! …ఏయ్. …వదినా, ఏడుస్తున్నావా? డిపోలో అందరూ చూస్తారు. నువ్వేడిస్తే నాకింకా భయమేస్తుంది, మానెయ్యి. …ముక్కు తుడుచుకో.

…ఏం చేశావ్? …మధ్యాహ్నాలు? రెండు ట్రిప్పుల మధ్య ఇంటికొచ్చా? …నువ్వు ముసలమ్మతో ఆడావా! …కంప్యూటరు ఆడే దున్నతో అదే తన్ను వేయించుకుంటూ… ఎన్నిసార్లు తిన్నావు? …అమ్మో. అందుకా నేను వచ్చేసరికి ప్యాడ్ వెచ్చగా ఉండేది. అన్నయ్య దాని మీద పడుకున్నాడనుకున్నా.

…దొరికిందా? విరుగుడు దొరికిందా? …చెప్పు. ఉండు, ఫోన్ ఈ చెవికి మార్చుకుంటా. …ఆ.

…ఆటలో నేను కూర్చున్నా అనుకో. మొదటి తన్ను వచ్చింది, కర్ర అడ్డం పెట్టా, ఆగిపోయింది. ఇప్పుడు లేవాలి. లేస్తూ కొట్టేదే కదా ముసలమ్మకున్న ఒకే ఒక్క పెద్ద దెబ్బ. …లేవకూడదా? …అక్కడే కూర్చుని ఉంటే? …రెండో తన్ను తల మీంచి పోతుంది. …నిజంగా? …లేవబోయేవాళ్ళకే తగులుతుందది. కూర్చుని ఉంటే తగలదు. …అది పోయాక దున్న వీపు మనవైపు ఉంటుంది. …రెప్పపాటు. …అప్పుడు లేవాలి.

…వినడానికి బాగానే ఉంది వదినా. కానీ మొదటి తన్ను ఆగగానే నా బొటనవేలు నా మాట వినదు. ఒంట్లో భయముంటే ఎవరు కూర్చోగలరు? చూడు, ఫోన్ చేసినప్పట్నుంచీ నేను నిలబడే ఉన్నా. మెట్లు ఎక్కుతున్నా, దిగుతున్నా. …కూర్చోవాలా? ఇక్కడా? అంతా దుమ్ము. …సరే. …కూర్చున్నా. …చేతులు మోకాళ్ళ మీద పెట్టా. …నువ్వే 'తన్ను' అను, నేను చూస్తా. …ఆ. …అయ్యో, లేచిపోయా. మళ్ళీ అను. …లేవలేదు. …రెండోది అను. …పోయింది. ఇప్పుడు లేచా. …మళ్ళీ. …మళ్ళీ, ఈసారి చెప్పకుండా ఆలస్యం చెయ్యి. …దొంగా! …మళ్ళీ.

…లేదు, భయం పోలేదు. ఊపిరి మాత్రం అందుతోంది.

…ఉండు, ఎవరో వస్తున్నారు. మేనేజరే. ఆ సార్. …మా వదినతో సార్. …వస్తున్నా. సార్, ఒక్క మాట. …దున్నతో కాదు సార్. …ముసలమ్మతోనే. …తెలుసు సార్, నలభయ్యోదని. …ఓడిపోవచ్చు సార్. …ఇప్పుడేనా? …ఇక్కడేనా? …సరే.

వదినా, ఉన్నావా? …చొక్కా ఇచ్చెయ్యమంటున్నాడు. క్లబ్బు చొక్కా. …కంగారు పడకు, లోపల ఇంకోటుంది. ఏసీ చలికి వేసుకొచ్చా. …మన కళ్ళజోళ్ళ షాపుదే. వెనక 'కంటికి మేమున్నాం' అని రాసుంటుంది చూడు. …నవ్వు, పోనీ, ఏడ్చే కంటే నయం. …తీసుకోండి సార్. ఉతికిందే.

…వెళ్ళిపోయాడు. …వదినా, నేనేం చేశానిప్పుడు? కొంప ముంచుకున్నానా? …వద్దు, చెప్పకు. ఇవాళ్టికి నీ దగ్గర విన్న నిజాలు చాలు.

…నీ టైమైందా? …హారన్ వినపడుతోంది. వెళ్ళు. …స్పీకర్లో పెట్టుకుంటానంటావేంటి, వద్దు! నడిపేటప్పుడు వద్దు. …అయితే ఒక్క నిమిషం ఉండు, నన్నూ పిలుస్తున్నారు. స్టేజి దాకా రా. …నడుస్తున్నా. …అబ్బ, ఎన్ని లైట్లో. …నిండా జనం. …డాక్టరు అప్పుడే కూర్చున్నాడు. నాకు చెయ్యి ఊపుతున్నాడు. ఆ పళ్ళేంటి అంత తెల్లగా! …వాడే, ఆ టోపీవాడే. మళ్ళీ 'అమ్మమ్మా' అంటున్నాడు. …నడుస్తున్నా, నడుస్తున్నా.

…ఒక మాట. రాత్రి ఇంటికొచ్చాక ఆ తన్ను నా మీద వెయ్యి. గెలిచినా, ఓడినా. …రోజూ. నేను ఏడిస్తే ఏడవనీ. గదిలోకెళ్ళి తలుపేసుకుంటే తలుపు కొట్టి బయటికి లాగి మరీ వెయ్యి. …మాటివ్వు. …ఆ.

…ఫోన్ ట్రేలో పెట్టమంటున్నారు. …ఒక్క క్షణం అండీ. …కుర్చీ లాక్కున్నా. …కూర్చున్నా వదినా. …ఆ, వణుకుతూనే కూర్చున్నా. …లేవను. మొదటిదానికి లేవను. రెండోది తల మీంచి పోయేదాకా లేవ—