పదికి ఏడు

ఎర్ర కలంతో అచ్చుతప్పులు దిద్దుతున్నావా? అక్కా, అది ఆసుపత్రివాళ్ల అంగీకార పత్రం, నీ ఏడో తరగతి పిల్లల పరీక్ష పేపరు కాదు! పదకొండింటికి డాక్టరు వచ్చేలోపు సంతకం పడకపోతే ఆ కొత్త మందు ఇంకొకరికి పోతుంది.

మాట్లాడకు. నోటినిండా పుండ్లు పెట్టుకుని నాతో వాదనేంటి? పలక మీద రాయి. అబ్బ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను చెప్తుంటే నువ్వు వింటున్నావు!

పాత మందు పని ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టు. గడ్డతోపాటు నీ నోరూ, జుట్టూ కాల్చింది. మా ల్యాబులో చేసేది ఒక గింజ. కంటికి ఆనదు. ఒళ్లంతా తూట్లే. మందు ఆ తూట్లలో కూర్చుంటుంది, పైన మూత. గడ్డ చుట్టూ ఒంట్లో మిగతా చోట్లకన్నా ఆమ్లం ఎక్కువ, ఆ పులుపు తగిలితేనే మూత ఊడుతుంది. దారిలో నీ నోటి జోలికి అంతగా పోదు.

నయమైపోతుందా అంటే? ప్రయోగం తల్లీ ఇది, మాటివ్వను.

ఏం రాశావ్? నేను కడిగిన గిన్నెకి సబ్బు పోదా! ముప్పై ఏళ్లయింది, ఇంకా మర్చిపోవా? బావ ఎదుట కూడా ఇదే పాట...

అది కాదక్కా. నీకు చెప్పాల్సిందీ అదే.

మందు నింపాక గింజ పైన అంటుకున్నది కడిగేయాలి. లేదంటే ఒంట్లో పడగానే అదంతా ఒక్కసారే ఊడొచ్చి పాత మందులాగే కాలుస్తుంది. మూడుసార్లు కడగాలి. నేను ఒక్కసారి కడిగి, నీళ్లు తేటగానే ఉన్నాయిగా అనుకున్నా. ల్యాబు నాణ్యత పరీక్షలో బయటపడింది. చేసిందంతా పారబోశారు. ప్రయోగం మూడు నెలలు వెనక్కి పోయింది.

ఆ మూడు నెలలే నువ్వు పాత మందు ఎక్కించుకున్నది.

చెప్పకుండా సంతకం పెట్టించేద్దామనుకున్నా. నీ ఎర్ర కలం చూశాక ధైర్యం చాల్లేదు. నీకిచ్చేది మాత్రం ఏడుసార్లు కడిగా, అక్కా. ల్యాబులో నన్ను వాషింగ్ మెషీన్ అంటున్నారు.

నవ్వకు, పెదవి పగులుతుంది! ఇదిగో నీలం కలం. ఇక్కడ... ఆఁ, కిందా ఒకటి. హమ్మయ్య!

మళ్లీ పలకెందుకు? పదికి ఏడా? నాకా? మూడెందుకు కోశావ్?

ఓ. నెలకొకటా.

సరేలే. ఇంకా తక్కువే కోశావు.