మందు కొట్టని మడి

అధ్యక్షులు, మా పై అధికారి పద్మనాభయ్య గారికి, ఎండను లెక్కచేయకుండా పొలాల నుంచి వచ్చిన రైతు పెద్దలకు, సాటి ఉద్యోగులకు, వెనక గోడవారగా నిలబడ్డ అమ్మలకు నమస్కారం.

నా ఉద్యోగ విరమణ సభకు ఇంతమంది నాకోసమే వచ్చారంటే నేను నమ్మను. బోండాలు వేగుతున్న వాసన నాకూ వస్తోంది. (నవ్వులు.) ఏమనుకోకండి, ఇరవై తొమ్మిదేళ్లు వ్యవసాయ శాఖలో పురుగుల వెంట తిరిగినవాణ్ణి, ఆకు మీద చిల్లు కనిపిస్తే ఎవరు చేశారో తేలేదాకా నిద్రపట్టదు, మనిషి పొగిడితే ఎందుకు పొగిడాడో తేలేదాకా అన్నం సయించదు. ఈ జబ్బుకు మందు లేదని మా ఇంటావిడ ఏనాడో తేల్చేసింది.

ఇందాక అధ్యక్షులవారు నా నివేదికను ఆకాశానికెత్తారు. వరి కోతలయ్యాక పశువుల మేతకు చల్లే పిల్లిపెసరలో పురుగు సగానికి సగం తినేస్తోందని నేనే మొదట లెక్కగట్టి చూపానన్నారు. ఆ లెక్క ఎలా పుట్టిందో చెబుతాను. బుచ్చిరెడ్డిపాలెంలోనే, ముత్యాలయ్య గారి పొలంలో పక్కపక్కన ఒకే కొలత ఉన్న రెండు మళ్లు తీసుకున్నాను. ఒకదానికి మందు కొట్టించాను, రెండోది వదిలేశాను. కోతనాడు కొత్తగా వచ్చిన కిలో రాళ్లతో తూచితే మందు కొట్టినదాంట్లో నూరు కిలోలు, కొట్టనిదాంట్లో యాభై. తేడా అంతా పురుగు తిన్నదేనని రాసి, మేత ధర కట్టి, తాలూకా మొత్తానికి నష్టం తేల్చాను. వచ్చే ఏడు ప్రతి చేనుకూ మందు కొట్టించాలని దాని మీదే ఉత్తర్వు తయారవుతోంది.

యాభై అనగానే నాకు ముత్యాలయ్య గారి మీద అనుమానం వచ్చింది. ముత్యాలయ్య గారూ, మీరు తల దించుకోకండి, దించుకోవలసింది నేను. మీ ఎద్దులు ఆ మడిలో పడ్డాయేమోనని మీ కొట్టానికొచ్చి పేడ కూడా పరీక్షించాను. అది పచ్చిమేత పేడ కాదు, ఎండుగడ్డి పేడే. (నవ్వులు.) కాటాను అనుమానించాను, తూచినవాణ్ణి అనుమానించాను. ఎక్కడా తప్పు దొరకలేదు. ఇక పురుగే దొంగ అని సంతకం పెట్టేశాను.

నలభై రోజుల కిందట చెంచమ్మ ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చింది. ఒక్క బర్రె తప్ప సెంటు భూమి లేని మనిషి. "అన్ని చేలకీ మందు కొడతారంట గదా సారూ, మరి మేం యాడ కోసుకునేది?" అంది. నాకు అర్థం కాలేదు. "ముత్యాలయ్యన్న చేన్లో రోజూ తలా చంకెడు కోసుకుంటాం గదా. ఈ యేడు ఆ మందు మడి జోలికి పోలేదు, గొడ్డు చస్తాదని. ఆడోళ్లమంతా పక్క మళ్లోనే కోసినాము" అంది.



గట్టున పోయే ఆడవాళ్లు చంకెడు మేత కోసుకుంటే ఈ ఊళ్లో ఎవరూ కాదనరు, దాన్ని ఒక నష్టమని ఎవరూ చెప్పుకోరు. అందుకే నేను గుచ్చి గుచ్చి అడిగినా ముత్యాలయ్య గారికి ఆ సంగతి చెప్పాలని తోచలేదు. కొడవళ్లు కోసిందంతా నేను పురుగు మీద రాశాను. అసలు పురుగు తిన్నదెంతో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంతకన్నా సిగ్గుపడవలసింది ఇంకొకటుంది. తెలిసి కూడా నలభై రోజులు నోరు మూసుకున్నాను. ఈ సభ, ఈ శాలువా, నివేదిక మీద నా పేరు దక్కాక చెబుదామనుకున్నాను. చెంచమ్మా, ఇందాక అందరితోపాటు నువ్వూ చప్పట్లు కొడుతుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు.

అధ్యక్షులవారు గడియారం చూసుకుంటున్నారు. నేనూ చూస్తున్నాను. నాలుగున్నర. అయిదింటిదాకా నేను ఉద్యోగినే, నా సంతకాన్ని నేనే కొట్టేయగలను. ఆ తర్వాత ఆ కాగితాన్ని ముట్టుకునే హక్కు నాకుండదు. నివేదిక మీ బీరువాలో ఉంది. దయచేసి తాళాలు తీసుకుని నాతో రండి. నన్ను ఇన్నేళ్లు భరించిన మిగతా అందరికీ కృతజ్ఞతలు, సెలవు.