గల్లీకంతా ఒకటే ట్యూబు

మెల్లగ నడుపయ్యా! కడుపుల ఏడో నెల. నూలు బస్తా అనుకున్నవా నన్ను? గతుకు గతుకుకు కూసున్నకాడ మంట లేస్తున్నది. యాడనో నీకు చెప్పాల్నా?

అరే, మెడ ఎందుకు లోపలికి గుంజుకుంటున్నవ్? కొంతం చౌక్ల అందరు ఇంటున్నరనా? ఇననీ. హెల్మెట్ పెట్టుకున్న మొగనికి మాట ఎక్కాల్నంటే ఈ మాత్రం గొంతు కావాలె.

నర్సు 'సారిక మొగుడెవరు, లోపలికి రమ్మను' అని గొంతు పోయేదాక పిలిచింది. నువ్వేమో బండి కాడ నిలబడి టైర్లు ఒత్తి సూసుకుంట ఉన్నవ్. ఆడోళ్ళ దవాఖాన అని సిగ్గా? లగ్గమైన కాడికెల్లి లేని సిగ్గు ఇప్పుడెక్కడికెల్లి వచ్చిందయ్యా? సరే, లోపల డాక్టరమ్మ ఏమన్నదో ఇను.

అది పాడు రోగం కాదంట. మీ అమ్మ వాకిట్ల నిలబడి అన్నది సూడు, 'యాడ తిరిగి తెచ్చుకున్నదో' అని... గది కాదంట. బూజంట, బూజు! ఊరగాయ మీద తెల్లగ వస్తది సూడు, అసొంటిది. కడుపుతోని ఉన్నోళ్ళకు మస్తు మందికి వస్తదంట. డాక్టరమ్మ జలుబు సంగతి చెప్పినంత తేలికగ చెప్పింది. నేనేమో ఇన్ని దినాలు బీడీలు చుట్టుకుంట ఇటు జరుగుడు, అటు జరుగుడు. పక్కింటి చంద్రభాగ 'చీమలు కుట్టినయా ఏందే?' అని ఒకటే నవ్వు.

నవ్వింది గని మందు గూడ ఆమెనే ఇచ్చింది. నీకు తెల్వదు గని, మన గల్లీ ఆడోళ్ళందరికి కలిపి ఒకటే ట్యూబు. మందుల దుకాణంల మంగేశ్ ముంగట నోరు తెరిచి ఎవరు అడుగుతరు? వాడేమో మొగోడు, పైంగ ఎరికైనోడు. అందుకని ఒకామె ధైర్యం చేసి తెస్తే, అది బీడీల ఆకు కింద దాసుకొని ఈ బుట్టలకెల్లి ఆ బుట్టలకు పోతది. హళ్దీకుంకం పేరంటంల ముత్తయిదువలకు వాణం పంచినట్టు, తలా ఇంత! నాలుగు దినాలు పెట్టుకుంటరు, దురద తగ్గంగనే 'పాపం, ఆమెకు కావాలెనంట' అని ఇచ్చేస్తరు. ఎవ్వరు నిండుగ వాడింది లేదు. నేను గూడ గంతే.

గిది చెప్పంగనే డాక్టరమ్మ తల పట్టుకున్నది. 'సగం దెబ్బ కొట్టి ఇడిసిపెడితే అది సస్తదా అమ్మా? ముదురుతది' అన్నది. మొన్న పరీక్షకు తీసుకున్నరు కదా, అండ్ల గదే తేలిందంట. ఆ మందును నా బూజు లెక్క చేస్తలేదు. మింగే గోలి కడుపుల బిడ్డకు మంచిది కాదని వేరే మందు రాసింది, లోపల పెట్టుకునేది. దురద పోయినా సరే ఆఖరుదాక వాడాలె, ఎవ్వరికి ఇయ్యద్దని ఒట్టు పెట్టించుకున్నది.

ఇగ అసలు ముచ్చట ఇను. ఆ ట్యూబు ముందుగాల ఎవరి బుట్టలకెల్లి బయలెల్లిందో ఎరికేనా? మీ అమ్మ బుట్టలకెల్లి!

అయ్యో, బ్రేక్ ఎందుకు కొడుతున్నవ్, పడిపోత! అవునయ్యా, మీ అమ్మనే. యల్లమ్మత్తకు షుగర్ ఉన్నది కదా, షుగర్ ఉన్నోళ్ళకు గూడ వస్తదంట. మరి ఆమె యాడ తిరిగి తెచ్చుకున్నదో అడిగినవా?

నన్ను గూడ అడగలే నువ్వు. గదే కదా నా బాధ. అడిగితే తిట్టేదాన్ని, ఇంత ఏడ్సేదాన్ని, ఆడికి అయిపోయేది. అమ్మ మాట ఇన్నవ్, బొంత సంకల పెట్టుకున్నవ్, మేడ మీదికి పోయినవ్. ఉక్కపోస్తున్నదంట! దుప్పటి కప్పుకున్నా పండ్లు కొట్టుకునే చలిల ఉక్కపోతేందయ్యా?

ఇగో, మన ఘర్కుల్ కాలనీ వచ్చింది. మీ అమ్మ బీడీల చాట ఒళ్ళె పెట్టుకొని వాకిట్లనే కూసున్నది సూడు. ఆపు బండి. ఒక్క మాట నీ నోటితోని చెప్పు ఆమెకు, 'సారికకు పాడు రోగం లేదు' అని. నేను చెప్తే సాకులంటది. నువ్వు చెప్తే ఇంటది. చెప్తవా?

ఏం? స్టాండు వేసుటానికి గంతసేపా?

సరే తియ్. నేనే చెప్త. గల్లీ అంత ఇనేటట్టు చెప్త.

దవాఖాన కాడికెల్లి ఇక్కడిదాక సూసిన. ఒక్కసారన్న మెడ తిప్పి, బిడ్డ ఎట్లున్నదని అడుగుతవేమో అని.

మంచిగున్నది. నువ్వడగలే గని, చెప్తున్న.