పిడి లేని వైరు

ఏం కావాలన్నావ్ టెస్సా? రెండు పక్కలా పిన్నులున్న వైరా. ఒక కొస గోడకీ, ఒక కొస చెట్టుకీ. ఆఁ, అర్థమైందిలే, బొమ్మ గీసి చూపించక్కర్లేదు. నలభై రెండేళ్ళు హార్డ్‌వేర్ షాపులో నిలబడ్డవాణ్ణి. డిసెంబరొచ్చిందంటే వారానికొకళ్ళైనా వచ్చి, నాలుగు మేకులు కొనుక్కుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఇదే అడిగేవాళ్ళు. చెట్టంతా ఓపిగ్గా లైట్లు చుట్టేశాక చూసుకుంటే లైట్ల దండ పిన్నులు నెత్తి మీదా, రెండో కొసనున్న సాకెట్టు కాళ్ళ దగ్గరా. అంతేనా? సిగ్గెందుకు, ఈ ఊళ్ళో ఆ తప్పు చెయ్యనివాళ్ళు లేరు. కూచో. కోటు విప్పు, ఇంట్లో వెచ్చగానే ఉందిగా. విప్పవా? సరే, నీ ఇష్టం, కోటుతోనే కూచో. కాఫీ పొద్దుటిది, కాస్త చేదెక్కింది, అయినా తాగొచ్చు. లైట్లు వేసేది ఆదివారం కదా, ఇవాళ గురువారం. తొందరేం లేదు.

ఆ చట్రాలెవరివో తెలుసా నీకు? ఇల్లు కొన్నప్పుడు గ్యారేజీ అటక మీద దొరికాయన్నావే, అవి. పదకొండుండాలి. లెక్కపెట్టావా? పదకొండే. నే చెప్పలా. పన్నెండు కాదేం, పది కాదేం అని ఊరంతా ఏవేవో అర్థాలు తీసింది. పాస్టరుగారైతే ఒక ఆదివారం ప్రసంగంలో కూడా వాడుకున్నాడు, యూదాని తీసేస్తే మిగిలిన పదకొండు మంది శిష్యులని. ఎల్మర్‌ని అడిగితే, తీగ చుట్ట అక్కడికి అయిపోయిందండీ అన్నాడు. ఎల్మర్ బ్రాక్‌మేయర్ అని, ధాన్యం నిలవచేసే ఎలివేటర్లో చేసేవాడు, మాట తక్కువ మనిషి. కంచెకి కట్టగా మిగిలిన తీగతో నాలుగు రింగులు, మూడు కాళ్ళు, అలా చేశాడు వాటిని. వేసవంతా టమాటా మొక్కలకి ఊతం. మొదటి మంచుకి మొక్కలు నల్లబడగానే పీకేసి, తిరగేసి నిలబెట్టి, కాళ్ళు మూడూ పైన కలిపి కట్టేస్తే అదే క్రిస్మస్ చెట్టు. దాని చుట్టూ సీరియల్ లైట్లు. పైన కాఫీ డబ్బా మూత కత్తిరించి చేసిన రేకు నక్షత్రం. నక్షత్రాలు లేవా అటక మీద? పోనీలే, తుప్పుపట్టి పోయుంటాయి.

నేను చెప్పబోయేది ఎల్మర్ గురించి కాదు, వాళ్ళావిడ ఆర్డిత్ గురించి. నువ్వు పడుకునే గదిలోనే ముప్ఫయ్యేళ్ళు పడుకుంది ఆ మనిషి. స్కూల్లో వంట చేసేది. గరిటె పట్టుకుని నిలబడితే ఆరో క్లాసు మగపిల్లలు కూడా గప్‌చుప్. మా బ్యాచిలో సగంమందికి బీట్‌రూట్ తినడం నేర్పింది ఆవిడే, బతిమాలి కాదు, చూపుతో. నేనిప్పటికీ తింటాను, ఇష్టమై కాదు. సరే, అదలా ఉంచు. ఎల్మర్ ఒక ఏడాది మార్చిలో పోయాడు, పొలం గట్టు మీద, ఉన్నట్టుండి. నవంబరొచ్చేసరికి ఊళ్ళో గుసగుసలు, ఈసారి బ్రాక్‌మేయర్ల ముంగిలి చీకటే అని. ఎల్మర్ చెల్లెలు లోర్నా అయితే మొహం మీదే అంది, నీకెందుకొదినా ఈ చాకిరీ, ఇల్లమ్మేసి ఒమాహా సిటీకి వచ్చెయ్ మాతో అని. దాంతో ఈవిడకి పంతం పట్టింది. చర్చి మెట్ల మీద నిలబడి అందరికీ వినపడేలా చెప్పేసింది, ఆదివారం ఐదింటికి ఎప్పటిలాగే వెలుగుతాయి, పిల్లల్ని పంపండి అని. పిల్లల్నెందుకంటావేమో, నక్షత్రాలు పెట్టేది వాళ్ళే. లైట్లు వేశాక ఒక్కో చెట్టుకీ ఒక్కో పిల్లో పిల్లాడో వెళ్ళి నక్షత్రం తగిలించాలి, అది ఎల్మర్ పెట్టిన పద్ధతి.

మరి ఎల్మర్ లైట్లెప్పుడూ గ్యారేజీలో ఒక్కడే చుట్టుకునేవాడు. ఈవిడ చూసిందేదీ లేదు, భోజనానికి పిలవడం తప్ప. ఈవిడకి తెలిసిన చుట్టడమల్లా ఊలు టోపీలు. టోపీ ఎక్కణ్ణుంచి మొదలెడతారు? నడినెత్తి నుంచి. అలాగే చుట్టింది. పిన్నులున్న కొస తల అనుకుందిట, తల పైనే ఉండాలిగా. తొమ్మిది రోజులు, వంటింటి బల్ల మీద. ఆవిడ పని నీకు తెలీదు, గాలికి జారకుండా ప్రతి బల్బు దగ్గరా సన్న తీగతో ఒక ముడి. చెట్టుకి పాతిక బల్బులు, పదకొండు చెట్లు, నువ్వే వేసుకో ఎన్ని ముళ్ళో. శనివారం మధ్యాహ్నం అన్నీ ముంగిట్లో వరసగా నిలబెట్టి, వైరు తెచ్చి పెట్టబోతే, ఏముంది, ఇవాళ నీకొచ్చిన కష్టమే.

ఆ మధ్యాహ్నం షాపులో నేనొక్కణ్ణే. ఇరవై నాలుగేళ్ళు నాకు, పనిలో చేరి ఏడాది కాలా. మా ఓనరు హార్లన్‌గారు శనివారం మూడింటికల్లా కెఫేకి వెళ్ళి ఆపిల్ పై ముక్క తినొస్తే గానీ మనిషి కాదు. ఆవిడొచ్చింది. నువ్వడిగిందే అడిగింది. అలాంటి వైరు లేదండీ అన్నాను. లేకపోతే చెయ్యి, చేతులున్నాయిగా అంది. చెయ్యకూడదని నాకు తెలుసు టెస్సా, తెలీక కాదు. నేను చేరిన మొదటి రోజే హార్లన్‌గారు చెప్పాడు. కానీ ఆవిడ కౌంటరు మీద చేతులు పెట్టింది, వేళ్ళనిండా తీగ గీరుకున్న గాట్లు. పెట్టి, "ఎల్మరుంటే నిన్నెందుకు అడుగుతాను అబ్బాయ్" అంది. ఏడుస్తూ కాదు, మామూలుగానే అంది. ఆ మామూలుతనానికే నేను కరిగిపోయాను. ఆరడుగుల వైరు కోసి, రెండు కొసలా రెండు ప్లగ్గులు బిగించాను. పది నిమిషాలు. తిప్పి చూసి, పని నీటుగా చేశావ్, ఇది పనికొస్తే మిగతా పదింటికీ చేద్దువుగాని అంది. ఆ మాటకి నేను పొంగిపోయాను కూడా, చూడు నా తెలివి.

హార్లన్‌గారొచ్చాడు, మూతికి ఆపిల్ పై పొడి అంటుకునే ఉంది. ఆయన సంగతి నీకు చెప్పాలి, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. నత్తిలేదు గానీ ప్రతి మాటా రెండుసార్లనేవాడు. ఏమమ్మావ్, ఏమమ్మావ్ అన్నాడు. ఆరడుగుల వైరు, రెండు ప్లగ్గులు అన్నాను. టోపీ తియ్యబోతున్నవాడు చెయ్యి అక్కడే ఆపేశాడు. "రెండు ప్లగ్గులు. మరి సాకెట్టేదీ, సాకెట్టేదీ?" అన్నాడు. ఎవరికి అన్నాడు. చెప్పాను. ఆ మనిషి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. ఒక కొస గోడలో పెడితే రెండో కొస పిన్నుల్లోకి కరెంటొచ్చేస్తుంది డ్వేన్, ఆ కొస ఆవిడ చేతిలో ఉంటుంది, బయట మంచు, కాళ్ళు తడి. పోనీ అదృష్టం బాగుండి చెట్టుకి సరిగ్గానే పెట్టిందనుకో, అప్పుడు చెట్టు నెత్తి మీద పిన్నులున్నాయే, వాటిలోకీ వస్తుంది. వాటి మీద రేకు నక్షత్రం పెట్టేదెవరు, పెట్టేదెవరు?

పదకొండు మంది పిల్లలమ్మా. నా చెల్లెలి కూతురు కూడా అందులో ఉంది. ఫోను చేశాను, ఎంగేజి. అప్పట్లో షాపుతో సహా సగం ఊరికి ఒకటే లైను, ఒమాహా నుంచి లోర్నా వచ్చి చుట్టాలింట్లో దిగిందంటే అది ఖాళీ అవడం కల్ల. ఎత్తి వింటే ఆవిడ గొంతే, ఎవరితోనో, టర్కీ కోడిలో సేజ్ ఆకు ఎక్కువైంది, కాదు ఉప్పు తక్కువైంది అని. అమ్మా ఒక్కసారి పెట్టెయ్యండి, చాలా అర్జెంటు అన్నాను. "ఎవరా అబ్బాయి, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే?" అని మళ్ళీ సేజ్‌లోకి వెళ్ళిపోయింది. షాపు ట్రక్కు తీశాను, చలికి బిగుసుకుపోయి గుర్రు గుర్రుమంటుంది తప్ప కదలదు. ఇంక పరిగెత్తాను. కోటు లేదు, టోపీ లేదు, ఆరు వీధులు. లూథరన్ చర్చి మలుపు దగ్గర జారి పడ్డాను, ఈ మోకాలు, ఇదిగో, వానొచ్చే ముందు ఇప్పటికీ చెప్తుంది. దారంతా ఒకటే మాట, చేతులారా చేశాను, చేతులారా చేశాను.

మీ ముంగిట్లోకొచ్చేసరికి పొద్దు వాలుతోంది. పదకొండు చట్రాలూ నిలబడున్నాయి, ఒక్కటీ వెలగట్లేదు. వంటింటి కిటికీ నాలుగు వేళ్ళంత తెరిచుంది. ఆర్డిత్‌గారూ అని అరిచాను. పలకలేదు. మళ్ళీ అరిచాను. లేదు. వెనకవైపుకి ఎలా వెళ్ళానో నాకు తెలీదు. తలుపు తోసి చూద్దును కదా, వంటింటి బల్ల ముందు కూచునుంది. ఎదురుగా ఒక పళ్ళెం, పళ్ళెంలో నే చేసిన వైరు చుట్టి పెట్టుంది. రెండు చేతులకీ ఓవెన్ గ్లవుజులు. గోడకేసి చూస్తోంది. "తలుపెయ్యి, చలి" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే తలుపుకి ఆనుకుని కూలబడ్డాను. గోడలో పెట్టారా అండీ అన్నాను. ఆవిడ ఆ వైరుకేసి చూపించి, "అబ్బాయ్, దీనికి పిడేదీ?" అంది. "ముప్ఫయ్యేళ్ళ నుంచి వంట చేస్తున్నాను. కత్తికి పిడి ఉంది, గరిటెకి ఉంది, పెనానికి ఉంది. కాల్చేది, కోసేది ఏదైనా పట్టుకునే చోటు ఒకటుంటుంది. దీనికి ఎటు చూసినా కోసే వైపే. ఏ కొస పట్టుకోవాలో తెలీక, ఎల్మర్నడుగుదామని గ్యారేజీ వైపు కేకేశాను." అంటూ నవ్వింది. "రెండుసార్లు కేకేశాక గుర్తొచ్చింది." అని, ఆ గ్లవుజులతోనే మొహం కప్పుకుంది. మార్చిలో సమాధి దగ్గర కూడా ఏడవని మనిషి. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు, అయితే నాది బతికిపోయామన్న ఏడుపు. నేనే తప్పు చేశానండీ, చెయ్యకూడదని తెలిసి చేశానండీ అన్నాను. మొహం తుడుచుకుని, "అడిగింది నేను. ముక్కు తుడుచుకో. బీట్‌రూట్ ఉంది, తింటావా?" అంది. తిన్నాను. ఆ రోజు పెడితే రాళ్ళైనా తినేవాణ్ణి.

కాసేపటికి హార్లన్‌గారొచ్చాడు ఆయాసపడుతూ, చేతిలో కటింగ్ ప్లేరు, చంకలో నా కోటు. ఆవిణ్ణి చూసి, బతికే ఉందా, బతికే ఉందా అని కుర్చీ లాక్కుని కూచున్నాడు. వైరు రెండు కొసలూ కత్తిరించేశాడు. ముగ్గురం చెట్లన్నీ లోపలికి తెచ్చి ముళ్ళు విప్పడం మొదలెట్టాం. కట్టినంత తేలిక కాదమ్మా విప్పడం, ఆవిడ ముళ్ళు మరీనూ. పిన్నుల కొస కింద జానెడు వదిలి, కింద నుంచి పైకి చుట్టుకుంటూ రావాలి, హార్లన్‌గారు చూపించాడు. ఆదివారం ఐదింటికి వెలిగినవి నాలుగే. పిల్లలంతా వచ్చారు, ఊరంతా వచ్చింది, లోర్నా కూడా. మిగతావి చీకట్లో ఉన్నాయేం ఒదినా అంది. ఆవిడ అందరికీ వినపడేలా, అవి తలకిందులుగా చుట్టాను, విప్పుతున్నాను, బుధవారం రండి అంది. అంతే. ఆ వైరు మాట ఎత్తలేదు. నా పేరెత్తలేదు. ఆ తరవాత పంతొమ్మిదేళ్ళు బతికింది, ఒక్కరికి చెప్పలేదు. హార్లన్‌గారూ చెప్పలేదు. చెప్పుంటే నాకా కౌంటరు వెనక చోటుండేదా, ఈ ఊళ్ళో మొహం ఉండేదా? ఇదిగో, నీకే చెప్తున్నాను. మా ఆవిడక్కూడా తెలీదు.

ఇంకో సంగతి. మరుసటేడు నుంచి, తిరగేసి చుట్టినవాళ్ళెవరు షాపుకొచ్చినా నేను వైరు లేదనేవాణ్ణి, ఆర్డిత్‌గారింటికి తీసుకెళ్ళండి అనేవాణ్ణి. డిసెంబరంతా ఆ వంటింట్లో ఎవరో ఒకరి చెట్టుండేది. గుమ్మంలోనే అడిగేది, తలెక్కడ పెట్టావమ్మా అని. కాఫీ పోసి, గీరుకున్న వేళ్ళతో కూచుని విప్పించేది. ఒమాహా మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, ఆవిడకి తీరికేదీ.

ఏంటమ్మా, అలా అయిపోయావు? కాఫీ మరీ అంత చేదుగా ఉందా? ఏంటది, కోటు జేబులో... ఓహో. రెండు పక్కలా పిన్నులున్న వైరు, ముందే కొన్నావా. పెట్టెలో ఇంటికే వచ్చిందా. ఇంతసేపూ దీన్ని జేబులో పెట్టుకునే నా ఎదురుగా... మరి నన్నెందుకడిగావ్? పొట్టిదైందా. చెట్టుదాకా అందలేదా. అందుకని ఇంకాస్త పొడుగుది.

గోడలో పెట్టలేదు కదా. నా మొహం చూసి చెప్పు. పెట్టలేదు. అందలేదు కాబట్టి పెట్టలేదు. సరే. సరే.

ఆ రెండో సొరుగు తియ్యి. ఎర్ర పిడి కటింగ్ ప్లేరుంటుంది చూడు, అదే. నాకివ్వకు, నువ్వే కత్తిరించు. ఆఁ. ఆ కొస కూడా.

వెళ్ళి చెట్లు పదకొండూ కారులో వేసుకురా. వద్దు, ఆగు, కాసేపాగి వెళ్దువుగాని. కొత్త కాఫీ పెడతాను. ఇప్పుడైనా ఆ కోటు విప్పు.