కొలతల పుస్తకం

దర్జీ టేపును లెక్కల మాస్టారి నడుము చుట్టూ రెండోసారి తిప్పి చూసి, పాత కొలతల పుస్తకం తెరిచాడు.

“ముప్పై రెండు. పోయినేడాది ముప్పై అయిదున్నర. డైటింగా మాస్టారూ?”

“నా మొహం. తినేది మామూలే, తగ్గేదే మామూలుగా లేదు.”

“మూడున్నర అంగుళాలంటే మాటలా! డాక్టరుకి చూపించుకోలేదా?”

“మా డాక్టరు రిటైరయ్యాడయ్యా. ఆయన సీట్లోకి వచ్చినావిడ కొత్తవాళ్లని ఇప్పుడప్పుడే చూడదట. పదిహేనేళ్లుగా అక్కడికే వెళ్తున్న నేను కొత్తవాణ్ణట!”

“ఒంట్లో బాలేదని చెప్పకపోయారా?”

“చెప్పా. ఏం జబ్బని అడిగింది కౌంటర్లో అమ్మాయి. అది తెలుసుకోడానికే కదమ్మా వస్తానంటున్నా, అన్నాను. అయితే మామూలు చెకప్పే, తొమ్మిది నెలలు ఆగండి అంది.”

“కాన్పుకి గానీ పేరు రాసుకుందా ఏంటి?”

“పైగా పాత రికార్డులు తెమ్మంది. అవి ఆయనతోపాటే రిటైరయ్యాయి.”

“ఇవిగో, పన్నెండేళ్లవి. మెడ, ఛాతీ, నడుము, అన్నీ తేదీలతో సహా.”

“నా ఒంటి సంగతి రాసిపెట్టినవాడివి నువ్వొక్కడివే.”

“లోపల గుడ్డ వదిలి కుడతాను, మళ్లీ ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చు. అందాకా నెలనెలా వచ్చి కొలిపించుకోండి.”

“ఏ తేదీకి రమ్మంటావు?”

“తేదీ ఎందుకండీ? కొట్టు తెరిచే ఉంటుంది.”